సోడియం కంటే నీరు పెద్దది, అయినా ముందు దాటేది నీరే: కణత్వచంలో లిపిడ్ల నిర్మాణం చేసే పని

నీటి అణువు వ్యాసార్థం సుమారు 0.14 నానోమీటర్లు. సోడియం అయాన్ వ్యాసార్థం సుమారు 0.1 నానోమీటర్లు. రెండింట్లో సోడియమే చిన్నది. అయినా ప్రోటీన్లేవీ లేని ఒట్టి లిపిడ్ (కొవ్వు జాతి అణువుల) పొరను నీరు క్షణంలో దాటేస్తుంది, సోడియం దాటాలంటే ఏళ్లు పడుతుంది. కణత్వచాన్ని, అంటే కణం చుట్టూ ఉండే పొరను, జల్లెడలా ఊహించుకుంటే ఈ సంగతి ఎప్పటికీ అర్థం కాదు. జల్లెడలో సన్నది జారిపోవాలి, లావుది ఆగాలి. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు.

బయాలజీ చదివేవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. పాఠ్యపుస్తకం ఒకచోట "కొలెస్ట్రాల్ పొరను గట్టిపరుస్తుంది" అంటుంది. ఇంకోచోట "కొలెస్ట్రాల్ పొర గడ్డకట్టకుండా చూస్తుంది" అంటుంది. అసంతృప్త (గొలుసులో ద్విబంధాలున్న) కొవ్వు ఆమ్లాలుంటే పారగమ్యత, అంటే పొర అణువులను దాటనిచ్చే గుణం, పెరుగుతుందని ఒక వాక్యం, అయాన్లు దాదాపు దాటలేవని దాని పక్కనే ఇంకో వాక్యం. పరీక్ష కోసం నేనూ వీటిని విడివిడిగా బట్టీ పట్టినవాణ్నే. నాలుగూ నిజాలే. కానీ వాటిని కలిపే దారం లిపిడ్ అణువు ఆకారంలో ఉంది. దాన్ని చూస్తే తప్ప ఇవి ఒకదానితో ఒకటి అతకవు.

## తల నీటి వైపు, తోకలు లోపలికి

కణత్వచంలో ఎక్కువగా ఉండేవి ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కో అణువుకు మధ్యలో గ్లిసరాల్ అనే మూడు కార్బన్ల చిన్న చట్రం ఉంటుంది. దాని రెండు కార్బన్లకు రెండు పొడవాటి కొవ్వు ఆమ్లాలు తగిలి ఉంటాయి. ఇవే తోకలు. మూడో కార్బన్‌కు ఫాస్ఫేట్, దానికి అంటుకుని కోలిన్ లాంటి మరో చిన్న ముక్క ఉంటాయి. ఇది తల. తల మీద విద్యుదావేశాలు ఉంటాయి కాబట్టి దానికి నీరంటే ఇష్టం. తోకలు ఒట్టి కార్బన్, హైడ్రోజన్ గొలుసులు, నీటితో వాటికి పొత్తు కుదరదు.

ఇలాంటి అణువులను నీటిలో వేస్తే ఎవరూ పేర్చకుండానే అవి రెండు వరుసలుగా సర్దుకుంటాయి. తలలు రెండు వైపులా నీటిని తాకుతాయి, తోకలు మధ్యలో ఒకదాని వైపు ఒకటి తిరిగి దాక్కుంటాయి. మొత్తం మందం 4 నుంచి 5 నానోమీటర్లు. అందులో నీటిని దగ్గరకు రానివ్వని నూనెలాంటి భాగం సుమారు 3 నానోమీటర్లు. అయాన్లను, చక్కెరలను ఆపే గోడ ప్రధానంగా ఆ 3 నానోమీటర్లే.

రెండు వరుసల సంగతిని 1925లో నెదర్లాండ్స్‌కు చెందిన గోర్టర్, గ్రెండెల్ కనిపెట్టారు. ఎర్ర రక్తకణాల నుంచి లిపిడ్లను తీసి, నీటి మీద ఒకే అణువు మందాన పరిచి వైశాల్యం కొలిచారు. అది కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. తర్వాతి వాళ్లు చూస్తే ఆ ప్రయోగంలో రెండు పొరపాట్లున్నాయి: అసిటోన్‌తో లిపిడ్లన్నీ బయటికి రాలేదు, కణం ఉపరితలాన్నీ తక్కువగా లెక్కగట్టారు. ఒక తప్పును మరో తప్పు సరిచేసి సరైన జవాబే వచ్చింది. సైన్సు చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టాల్లో ఇదొకటి.

## దాటడం అంటే ముందు కరగడం

ఈ పొరలో శాశ్వతమైన రంధ్రాలు లేవు. మరి ఏ అణువైనా అవతలికి ఎలా వెళ్తుంది? 1890లలో జ్యూరిక్‌లో పనిచేసిన ఛార్లెస్ ఎర్నెస్ట్ ఓవర్టన్ దీనికి జవాబు పట్టుకున్నాడు. ఆయన వాడిన పద్ధతి సులువైనది. మొక్క కణాన్ని ఒక పదార్థపు గాఢ ద్రావణంలో ఉంచాలి. ఆ పదార్థం లోపలికి వెళ్లలేకపోతే కణంలోని నీరు బయటికి వచ్చేసి, లోపలి జీవపదార్థం గోడను వదిలి ముడుచుకుపోతుంది. వెళ్లగలిగితే ముడుచుకోదు, లేదా కాసేపటికి మళ్లీ విచ్చుకుంటుంది. మైక్రోస్కోప్‌లో చూస్తూ కూర్చుంటే చాలు. వందల పదార్థాలను ఇలా పరీక్షించాక ఒక క్రమం కనబడింది: నూనెలో బాగా కరిగేవి త్వరగా దూరుతున్నాయి, నూనెలో కరగనివి బయటే ఆగిపోతున్నాయి.

ఇప్పటికీ మూల సూత్రం ఇదే. అణువు మొదట నీటిని వదిలి నూనె పొరలో కరగాలి, తర్వాత అందులో అడ్డంగా పాకాలి, చివరికి అవతలి నీటిలోకి దిగాలి. ఎంత బాగా కరుగుతుంది, ఎంత వేగంగా పాకుతుంది అనే రెండింటినీ గుణించి, పొర మందంతో భాగిస్తే వచ్చేదే పారగమ్యతా గుణకం. దాన్ని సెకనుకు సెంటీమీటర్లలో చెబుతారు. చూడటానికి వేగంలా ఉంటుంది, నిజానికి ఒక రకంగా వేగమే.

సోడియం చిక్కు ఇక్కడ విడిపోతుంది. అయాన్ నీటిలో ఒంటరిగా ఉండదు. దాని ఆవేశం చుట్టూ ఉన్న నీటి అణువులను గట్టిగా లాగి పట్టుకుంటుంది. ఆ నీటి తొడుగును పూర్తిగా విప్పాలంటే మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక నీటి అణువు తన తోటి నీటిని వదిలి ఆవిరిలా విడిగా రావడానికి అయ్యేది దాదాపు 44 కిలోజౌళ్లే. నూనెలోకి వెళ్లాక రెంటికీ కొంత శక్తి తిరిగి దక్కుతుంది, కానీ ఆ తేడాను పూడ్చేంత కాదు. అందుకే సైజు చిన్నదైనా సోడియం గడప దగ్గరే ఆగిపోతుంది.

## పది మైక్రోమీటర్ల కణంతో ఒక లెక్క

అంకెలు వేసి చూస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. ఒక గోళాకార కణం తీసుకుందాం. వ్యాసార్థం 10 మైక్రోమీటర్లు, అంటే 0.001 సెంటీమీటర్. దాని పొరలో ప్రోటీన్లు లేవు, లిపిడ్లే ఉన్నాయి అనుకుందాం. బయట ఉన్న పదార్థం లోపల సమంగా నిండే దిశలో దాదాపు మూడింట రెండొంతుల దారి రావడానికి పట్టే కాలం ఇలా వస్తుంది: వ్యాసార్థాన్ని, పారగమ్యతా గుణకానికి మూడు రెట్ల విలువతో భాగించాలి.

నీటికి గుణకం సుమారు 0.003. లెక్క కడితే 0.1 సెకను. యూరియాకు సుమారు 10⁻⁶. అంటే 333 సెకన్లు, ఐదున్నర నిమిషాలు. గ్లూకోజ్‌కు 10⁻⁷ అనుకుంటే 55 నిమిషాలు. సోడియంకు 10⁻¹² వేసుకుంటే 33 కోట్ల సెకన్లు, అంటే పదేళ్ల పైమాటే. కొన్ని పొరల్లో సోడియం గుణకం ఇంతకంటే వంద రెట్లు తక్కువగా కూడా ఉంటుంది.

నిజమైన కణంలో ఇంత ఆలస్యం ఉండదు. సోడియం, గ్లూకోజ్‌ల కోసం ప్రత్యేకమైన ప్రోటీన్ ద్వారాలు ఉన్నాయి. నీటికీ ఉన్నాయి. ఎర్ర రక్తకణాల నుంచి వచ్చిన ఒక ప్రోటీన్ నీటి ద్వారమని 1992లో పీటర్ ఆగ్రె బృందం చూపింది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ ద్వారాలకు విలువ వచ్చేది గోడ గట్టిగా ఉన్నప్పుడే. సోడియం లోపల తక్కువ, బయట ఎక్కువ అనే తేడాను నిలబెట్టడానికి కణం తన శక్తిలో పెద్ద భాగం ఖర్చు పెడుతుంది. గోడే కారిపోతుంటే ఆ ఖర్చంతా వృథా. కాబట్టి లిపిడ్ల నిర్మాణం పక్కన పెట్టేసే విషయం కాదు.

## ఒక్క వంపు తెచ్చే తేడా

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో లిపిడ్ అంటే ఒక గుండు, దాని కింద రెండు నిలువు గీతలు. ఆ బొమ్మ వల్ల చాలా నష్టం జరిగింది. తోకలు కర్రల్లా నిలబడి ఉండవు. ద్రవ స్థితిలో ఉన్న పొరలో అవి సెకనుకు కోట్ల సార్లు మెలికలు తిరుగుతూ, పక్కవాటిని తోస్తూ ఉంటాయి.

18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లాన్ని తీసుకోండి. అన్నీ ఏకబంధాలే. గొలుసు తిన్నగా చాచుకోగలదు, పక్క గొలుసుకు పొడవునా ఒరుసుకుని పేరుకోగలదు. అందుకే అది దాదాపు 69 డిగ్రీల సెల్సియస్ వరకు గట్టి మైనంలా ఉంటుంది. దాని మధ్యలో, తొమ్మిదో, పదో కార్బన్ల నడుమ ఒక సిస్ ద్విబంధం (రెండు వైపుల గొలుసూ ఒకే పక్కన ఉండేది) పెడితే ఓలియిక్ ఆమ్లం అవుతుంది. గొలుసు అక్కడ సుమారు 30 డిగ్రీలు వంగుతుంది, పక్కది దగ్గరకు రాలేదు. ద్రవీభవన స్థానం 13 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. పోయినవి రెండు హైడ్రోజన్ పరమాణువులే. అదే ద్విబంధం ట్రాన్స్ రూపంలో (గొలుసు ఎదురెదురు పక్కల) ఉంటే గొలుసు దాదాపు తిన్నగానే ఉంటుంది, కరిగేది 45 డిగ్రీల ప్రాంతంలో. అంటే ఇక్కడ అసలు సంగతి ద్విబంధం ఉండటం కాదు, అది తెచ్చే వంపు.

కొవ్వు ఆమ్లం ఫాస్ఫోలిపిడ్‌లో భాగమయ్యాక కూడా ఇదే కథ. ఒకే కోలిన్ తల, రెండు స్టియరిక్ తోకలు ఉన్న లిపిడ్ పొర 55 డిగ్రీల దగ్గర జెల్ స్థితి (తోకలు ఒత్తుగా పేరుకుని గట్టిగా ఉండేది) నుంచి ద్రవ స్థితికి మారుతుంది. రెండు ఓలియిక్ తోకలు ఉన్నది మైనస్ 17 దగ్గర. ఒక్కో తోకలో ఒక్క వంపు, 72 డిగ్రీల తేడా.

దీనికీ పారగమ్యతకూ సంబంధం ఏమిటంటే, వంగిన తోకలున్న అణువు పొర మీద ఎక్కువ చోటు తీసుకుంటుంది. జెల్ స్థితిలో ఒక్కో లిపిడ్ వాటాకు దాదాపు 0.48 చదరపు నానోమీటర్లు వస్తాయి. సంతృప్త (ద్విబంధాలు లేని) తోకలు ద్రవ స్థితికి వస్తే దాదాపు 0.63. ఓలియిక్ తోకలకు 0.7 అటూ ఇటూ. ఆ అదనపు చోటు రంధ్రంలా ఒకచోట ఉండదు. గొలుసుల మధ్య క్షణక్షణం పుట్టి మాయమయ్యే చిన్న చిన్న ఖాళీలుగా చెదిరి ఉంటుంది. నీటి అణువు ఆ ఖాళీల్లోంచే ఒక దాన్నుంచి ఇంకోదానిలోకి దూకుతూ పోతుంది.

పొర మందమైతే దాటడం కష్టం కావాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 2008లో నేగల్, జైడెల్ బృందాలు తోక పొడవులు, వంపులు వేర్వేరుగా ఉన్న లిపిడ్లను పోల్చి చూశాయి. నీటి పారగమ్యత మందాన్ని అంతగా పట్టించుకోలేదు. ఒక్కో లిపిడ్ తీసుకునే చోటు ఎంత అన్నదాన్నే గట్టిగా అనుసరించింది. అంటే నీటికి అసలు అడ్డంకి ప్రయాణ దూరం కాదు, తలలకు కాస్త కింద తోకలు ఒత్తుగా ఉండే చోట లోపలికి దిగడం.

## అర్ధ కరిగిన పొరే ఎక్కువ కారుతుంది

జెల్ స్థితి పొర తక్కువ కారుతుంది, ద్రవ స్థితి పొర ఎక్కువ కారుతుంది. మరి మధ్యలో? మధ్యస్థంగా కారుతుందనుకుంటాం. కాదు. సోడియం లాంటి అయాన్లకు పారగమ్యత సరిగ్గా కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఒక శిఖరంలా లేచి, మళ్లీ పడిపోతుంది. 1970లలో లైపోజోమ్‌ల మీద, అంటే లిపిడ్లతో చేసిన చిన్న బుడగల మీద, ఈ సంగతి బయటపడింది.

కారణం ఊహించుకోవచ్చు. ఆ ఉష్ణోగ్రతలో పొర అంతా ఒకేలా ఉండదు. కొన్ని దీవులు గట్టిగా, చుట్టూ కొంత భాగం ద్రవంగా ఉంటుంది. గట్టి దీవిలో తోకలు చాచుకుని పొడవుగా ఉంటాయి, ద్రవ భాగంలో ముడుచుకుని పొట్టిగా ఉంటాయి. ఈ రెండూ కలిసే అంచుల దగ్గర అమరిక అతకదు. లీకు ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే.

## కొలెస్ట్రాల్ మీద రెండు మాటలు, రెండూ ఒప్పే

ఇప్పుడు మొదట్లో చెప్పిన చిక్కుకు వద్దాం. కొలెస్ట్రాల్‌లో మూడు భాగాలు: ఒక చివర చిన్న హైడ్రాక్సిల్ గుంపు, మధ్యలో ఒకదానికొకటి అతుక్కున్న నాలుగు వలయాల పలక, అవతలి చివర పొట్టి తోక. హైడ్రాక్సిల్ నీటి అంచున, లిపిడ్ తలల పక్కన నిలుస్తుంది. పలక వంగదు. అది పక్కనున్న తోకల పై భాగానికి ఆనుకుని ఉంటుంది.

ద్రవ స్థితిలో ఉన్న పొరలోకి కొలెస్ట్రాల్ వచ్చిందనుకోండి. మెలికలు తిరుగుతున్న తోకలు ఆ గట్టి పలక పక్కన తిన్నగా నిలబడక తప్పదు. తోకల మధ్య ఖాళీలు తగ్గుతాయి, నీటికీ చిన్న అణువులకూ దారి తగ్గుతుంది. ఇది "గట్టిపరుస్తుంది" అనే మాట. అదే కొలెస్ట్రాల్ జెల్ స్థితి పొరలో ఉంటే, వరుసగా పేరుకున్న తోకల మధ్య ఆకారం సరిపోని వస్తువులా దూరి ఆ వరుసను చెడగొడుతుంది. పొర పూర్తిగా గడ్డకట్టలేదు. ఇది "గడ్డకట్టనివ్వదు" అనే మాట. తగినంత కొలెస్ట్రాల్ చేరితే పైన చెప్పిన కరిగే ఘట్టమే చెరిగిపోతుంది, దాంతో పాటు ఆ లీకు శిఖరం కూడా.

ఫలితంగా ఒక మధ్య స్థితి వస్తుంది: తోకలు క్రమంగా ఉంటాయి, కానీ అణువులు పక్కకు జరుగుతూనే ఉంటాయి. జంతు కణాల బయటి పొరలో లిపిడ్ అణువుల్లో మూడో వంతు, అంతకు మించి కూడా, కొలెస్ట్రాలే. కణం లోపల లిపిడ్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో అది చాలా తక్కువ. రక్తపరీక్ష రిపోర్టు చూసి టెన్షన్ పడే కొలెస్ట్రాల్ కూడా ఈ అణువే, కానీ అక్కడి ప్రశ్న రక్తంలో దాన్ని మోసే కణికల గురించి. అది వేరే చర్చ. శిలీంధ్రాల్లో ఇదే పనికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఆంఫోటెరిసిన్ బి అనే మందు కొలెస్ట్రాల్ కంటే ఎర్గోస్టెరాల్‌ను ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టే శిలీంధ్రాన్ని దెబ్బతీయగలుగుతోంది.

## వేడి నీటి ఊటల్లో బతికే పొరలు

తోకలు గ్లిసరాల్‌కు తగిలే బంధం కూడా తేడా తెస్తుంది. మన కణాల్లో అది ఎస్టర్ బంధం. ఆర్కియా అనే సూక్ష్మజీవుల్లో ఈథర్ బంధం, తోకలు కూడా కొమ్మలున్న గొలుసులు. కొన్నిట్లో ఒక వైపు తలనుంచి మొదలైన గొలుసు మధ్యలో తెగకుండా అవతలి తలదాకా పోతుంది, అంటే రెండు వరుసలు కలిసి ఒకే వరుస. మరిగే ఊటల్లో, ఆమ్లపు నీటిలో ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) ఆపడానికి ఈ నిర్మాణం అక్కరకొస్తుంది. ఎశ్చరీషియా కోలై లాంటి బ్యాక్టీరియాల బయటి పొరది ఇంకో ఉపాయం: అక్కడి లిపిడ్‌కు రెండు కాదు, సాధారణంగా ఆరు తోకలు, అన్నీ సంతృప్తమైనవే. పక్కపక్క అణువులను మెగ్నీషియం అయాన్లు కట్టి ఉంచుతాయి. చాలా యాంటీబయాటిక్స్ ఆ పొర దగ్గరే ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

కణాలు తమ పొరను మార్చుకోగలవు కూడా. ఇదే బ్యాక్టీరియాను చల్లటి చోట పెంచితే అసంతృప్త కొవ్వు ఆమ్లాల వాటా పెంచుకుంటుంది, వెచ్చగా పెంచితే తగ్గించుకుంటుంది. 1974లో సినెన్‌స్కీ కొలిచి చూస్తే, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెరిగిన బ్యాక్టీరియాల పొరలు తాము పెరిగిన ఉష్ణోగ్రత దగ్గర దాదాపు ఒకే స్థాయి ద్రవత్వంతో ఉన్నాయి.

## ఇంకా తెగని రెండు వాదనలు

మొదటిది అయాన్ల గురించి. నూనెలో కరిగి దాటడమే ఏకైక దారా, లేక పొర కదలికల్లో క్షణకాలం తెరుచుకునే నీటి రంధ్రాలున్నాయా? 1996లో డీమర్ బృందం 14 నుంచి 24 కార్బన్ల వరకు తోకలున్న పొరలతో ప్రయోగం చేసింది. రెండు సిద్ధాంతాలూ మందానికీ పారగమ్యతకూ వేర్వేరు సంబంధాలు చెబుతాయి కాబట్టి ఇది మంచి పరీక్ష. నీరు, ఆవేశం లేని చిన్న అణువులు కరిగి దాటే లెక్కకు సరిపోయాయి. పొటాషియం మాత్రం సన్నని పొరల్లో తాత్కాలిక రంధ్రాల లెక్కకు, మందమైన పొరల్లో కరిగి దాటే లెక్కకు దగ్గరగా వచ్చింది. నా ఉద్దేశంలో ఇందులో ఏ పక్షమూ ఓడిపోలేదు. ఒకే పొరను వేర్వేరు అణువులు వేర్వేరు దారుల్లో దాటుతున్నాయి. ప్రోటాన్ల సంగతి ఇంకా వింత. మిగతా అయాన్ల కంటే అవి లక్షల రెట్లు వేగంగా దాటుతాయి. నీటి అణువుల గొలుసు మీదుగా ఒక బంధం నుంచి ఇంకో బంధానికి గెంతుతాయని ఒక వివరణ, కానీ అందరూ ఒప్పుకోలేదు.

రెండో వాదన మందుల గురించి. మందులు ఎక్కువగా లిపిడ్ పొరలోంచే కణంలోకి దూరతాయని ఓవర్టన్ కాలం నుంచీ అనుకునేదే. 2008లో డాబ్సన్, కెల్ దీన్ని గట్టిగా ప్రశ్నించారు. ప్రోటీన్ వాహకాలే మందులను మోసుకెళ్లడం మినహాయింపు కాదు, అదే నియమం కావచ్చన్నారు. 2010లో సుగానో తదితరులు రెండూ కలిసే జరుగుతాయని బదులిచ్చారు. ప్రోటీన్లే లేని కృత్రిమ పొరల్లో కూడా చాలా మందులు దాటుతాయని, ఆ వేగాలు నూనెలో కరిగే గుణంతో సరిపోతాయని ఈ పక్షం చూపిస్తుంది. ఫలానా వాహకాన్ని తీసేస్తే ఫలానా మందు కణంలోకి చేరడం ఆగిపోయిన సందర్భాలను అవతలి పక్షం చూపిస్తుంది. బాగా కరిగే మందుకు పొరే దారి, కరగని మందుకు వాహకమే దిక్కు అనే మేరకు సాక్ష్యం బలంగా ఉంది. నడిమిరకం మందుల విషయంలోనే పేచీ.

## రెండు కార్బన్లు తీసేస్తే

ఈ రసాయనమంతా ఒకేచోట పనిచేయడం చూడాలంటే డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును లైపోజోమ్‌లో నింపే పద్ధతి చూడాలి. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ ఇలా తయారైందే. మొదట బుడగ లోపల అమ్మోనియం సల్ఫేట్ ఉంచుతారు, బయటిది కడిగేస్తారు. అందులోని అమ్మోనియం అయాన్ అమ్మోనియాగా, ప్రోటాన్‌గా విడిపోతుంది; అమ్మోనియా తేలిగ్గా బయటికి పోతుంది, ఎందుకంటే దానికి ఆవేశం లేదు. ప్రోటాన్లు లోపల మిగిలి అక్కడ ఆమ్లత పెరుగుతుంది. ఇప్పుడు బయట మందు కలుపుతారు. అది బలహీనమైన క్షారం. ఆవేశం లేని రూపంలో ఉన్నప్పుడు పొరలో కరిగి లోపలికి వస్తుంది, లోపల ప్రోటాన్ తగిలి ఆవేశం తెచ్చుకుంటుంది, ఇక తిరిగి దాటలేదు. సల్ఫేట్‌తో కలిసి స్ఫటికంలా పేరుకుపోతుంది కూడా.

పొరలో ముఖ్యంగా 18 కార్బన్ల సంతృప్త తోకల లిపిడ్లు, వాటితో కొలెస్ట్రాల్. ఆ లిపిడ్లు కరిగేది 50 డిగ్రీలు దాటాకే, కాబట్టి 37 డిగ్రీల రక్తంలో తోకలు ఒత్తుగా ఉండి మందు రోజుల తరబడి లోపలే నిలుస్తుంది. ఇంకో రకం లైపోజోమ్‌లో ఇదే మందుకు 16 కార్బన్ల తోకలున్న లిపిడ్ వాడారు, కొలెస్ట్రాల్ తీసేశారు, ఒకే తోక ఉన్న లిపిడ్ కొంచెం కలిపారు. ఆ 16 కార్బన్ల లిపిడ్ కరిగేది 41 డిగ్రీల దగ్గర. కణితి ఉన్న చోటును కొద్దిగా వేడి చేస్తే అక్కడికి వచ్చిన బుడగలు సరిగ్గా ఆ లీకు శిఖరానికి చేరి, సెకన్లలో మందును వదిలేస్తాయి. ప్రయోగశాలలో ఇది అందంగా పనిచేసింది. కాలేయ క్యాన్సర్ రోగులపై జరిగిన పెద్ద పరీక్షల్లో మాత్రం అనుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు.